మూలం కన్నా బాగుంది

ఓబులేసు తన తల్లి తిమ్మక్కకు ధన్యవాదాలు చెప్పిన రోజు ఆమె అన్నం ముట్టలేదు.

జరిగింది చాలా చిన్న సంగతి. ముసలామె కొడుకు మంచం దగ్గరికి చెంబుతో నీళ్లు తెచ్చింది. వాడు తాగి, చెంబు తిరిగిచ్చి, "ధన్యవాదాలమ్మా, నీ చేతి నీళ్లలో ఒక చల్లదనం ఉంటుంది" అన్నాడు. తిమ్మక్క ఆ చెంబు పట్టుకుని అట్లాగే వంటింట్లోకి నడిచి, గోడకు ఆనుకుని కూలబడింది. కోడలు వనజాక్షి వచ్చి అన్నానికి పిలిచింది. మళ్లీ పిలిచాక తలెత్తింది.

"ఎవురు మే వాడు? నా కొడుకును యాడ పెట్టినారు మీరు?"

వనజాక్షికి ఒళ్లు మండిపోయింది. మాట పడిపోయి మంచానికి అతుక్కుపోయిన మనిషిని మాట్లాడించడానికి తను పడిన పాట్లు పగవాళ్లకు కూడా వద్దు. ఊళ్లో వాళ్లందరూ ముక్కు మీద వేలేసుకుంటుంటే, కన్నతల్లికి ఇది కంటగింపయిందా? ఏం తక్కువైందని గట్టిగానే అడిగింది. తిమ్మక్క కొంగుతో ముక్కు తుడుచుకుని, వాడు నన్ను 'మే ముసిల్దానా' అనేవాడు, ఇప్పుడు అమ్మా అంటున్నాడు, నాకు భయమేస్తోంది అంది. అంతకన్నా ఏమీ చెప్పలేకపోయింది, పాపం. చెప్పడానికి ఆమె దగ్గర మాత్రం ఏ శాస్త్రం ఉంది గనక.

ఓబులేసుది బోరుబండి పని. లారీ మీద యంత్రం బిగించుకుని, ఊరూరా తిరిగి, నేలను తొలిచి నీళ్లు వెతకడం. అనంతపురం చుట్టుపక్కల ఆ పనికి ఎప్పుడూ కరువు లేదు, కరువంతా నీళ్లకే. ఒంటినిండా రాతిపొడితో ఇంటికొచ్చేవాడు. నోరు తెరిస్తే తిట్టు, మూస్తే నిద్ర. పెళ్లయ్యాక చదువుకుంటానని వనజాక్షి అంటే "సదువు, నేనేమన్నా అడ్డమొస్తినా" అని కసిరి, మర్నాడే బండి మీద కూర్చోబెట్టుకుని విశ్వవిద్యాలయం గేటు దగ్గర దించి వచ్చిన మనిషి. ఆమె అనువాద అధ్యయన శాఖలో పరిశోధక విద్యార్థినిగా చేరితే, ఒకడు చెప్పిందే ఇంకొకడికి చెప్పడానికి ఇంత చదువెందుకని ఎగతాళి పట్టించాడు.

అయినా ఆమె కన్నడం నుంచి తెలుగు చేసిన ప్రతి కథా ముందు వినాల్సింది ఆయనే. మూలం తెలియని మనిషికి చదివి వినిపించాలన్నది వాళ్ల శాఖలో ఒక ఆచారం. ఓబులేసు గోడకు చేరగిలబడి వినేవాడు. వింటూ వింటూ గురకపెట్టేవాడు. ఆయన గురకపెట్టిన చోట వనజాక్షి పెన్సిల్‌తో అడ్డగీత పెట్టుకునేది. తర్వాత చూసుకుంటే సరిగ్గా అక్కడే తను సొంత కవిత్వం వెలగబెట్టి ఉండేది.

అనువాదకులకు ఒక జబ్బుంది. ఎదుటివాడి వాక్యం కుంటుతూ కనిపిస్తే చూస్తూ ఊరుకోలేరు, చెయ్యి పట్టుకుని నడిపించేదాకా నిద్రపట్టదు. వనజాక్షికి ఆ జబ్బు బాగా ముదిరింది. ఆమె పుస్తకానికి బహుమతి వచ్చినప్పుడు ఎవరో 'మూలం కన్నా బాగుంది' అని రాశారు. దాన్ని కత్తిరించి బీరువా తలుపు లోపలివైపు అంటించుకుంది. ఆమె పరిశోధనకు పర్యవేక్షకురాలు జోసెఫిన్ మేడం మాత్రం ఆ మాట విని మొహం చిట్లించింది. "మూలం కన్నా బాగుంటే అది దొంగసొత్తమ్మాయ్" అంది. వనజాక్షి నవ్వేసింది.

ఒకరోజు బోరుబావి దగ్గర ఇనపరాడ్డు జారి ఓబులేసు తలకు తగిలింది. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి చచ్చుబడింది, మాట పూర్తిగా పోయింది. చెవులు వింటున్నాయి, కళ్లు గుర్తుపడుతున్నాయి, నోట్లోంచి మాత్రం గాలి తప్ప ఏమీ రాదు. డాక్టర్లు ఇంక ఇంతే అన్నారు. వనజాక్షి గుడీ చర్చీ దర్గా తేడా చూడకుండా మొక్కింది. చివరికి జోసెఫిన్ మేడమే ఆమెను వెంటబెట్టుకుని మెదడు పరిశోధనశాలకు తీసుకెళ్లి అక్కడి పరిశోధకుడు ఇర్ఫాన్‌కు అప్పగించింది.

ఇర్ఫాన్ తయారుచేసిన యంత్రం పేరు వారధి. వేలిగోరంత పలచటి రేకును తల లోపల మెదడు మీద పరుస్తారు. మనిషి ఏదైనా చెప్పాలనుకున్నప్పుడు, అది మాట కాకముందే, లోపల పుట్టే కదలికను ఆ రేకు పట్టుకుంటుంది. తెరమీద రంగు మచ్చలు లేస్తాయి. ఈ మచ్చ ఆకలిది, ఈ మచ్చ ఫలానా మనిషిది, ఇది కోపం, ఇది ఇల్లు అని యంత్రం గుర్తుపడుతుంది. అంతవరకే దాని తెలివి. మచ్చలు కలిపి వాక్యం కట్టడం దానికి చేతకాదు. ఆ మనిషిని బాగా ఎరిగినవాళ్లు పక్కన కూర్చుని కట్టాలి. కట్టిన వాక్యాన్ని వారధి తిరిగి ఆయన మెదడుకు వినిపిస్తుంది. అవును అనుకుంటే ఆయన ఎడమచేతి బొటనవేలితో మీట నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ లోపల ఒక ముడి పడుతుంది. ముడులు గట్టిపడేకొద్దీ ఆ వాక్యాలు ఆయన నోటితోనే వస్తాయి, కొన్నాళ్లకు వాటిలోంచి కొత్త వాక్యాలూ పుడతాయి.

భాషే లేని మూలానికి అనువాదం! వనజాక్షి సిద్ధాంత గ్రంథానికి ఇంతకుమించిన విషయం దొరకదు. అయితే ఆ మొదటిరోజు ఆమెకు గ్రంథం గుర్తుందంటే అది అబద్ధం. పొద్దున్నించీ మంచినీళ్లు కూడా ముట్టకుండా పరిశోధనశాల బయట బెంచీ మీద కూర్చుంది. సాయంత్రం లోపలికి పిలిచారు. గాజుతలుపు అవతలినుంచి ఆమెను పొద్దంతా చూస్తూనే ఉన్న ఓబులేసు తల ఇటు తిప్పాడు. తెరమీద మచ్చలు లేచాయి. నువ్వు. పొద్దు. కడుపు. వాటన్నిటి చుట్టూ ఎర్రగా, ముళ్లకంపలాగా, చిరాకు.

ఆ ఎర్రమచ్చను చూసి ఏం చేద్దామని ఇర్ఫాన్ అడిగాడు. అది తల నొప్పి వల్ల వచ్చిందై ఉంటుంది, తీసెయ్యండి అంది వనజాక్షి. ఇకమీదట వచ్చినా తీసెయ్యమంది. ఇర్ఫాన్ ఆ రంగుకు అడ్డం వేశాడు. మిగిలిన మూడు మచ్చలూ తెరమీద ప్రశాంతంగా వెలిగాయి. వనజాక్షి కళ్లు తుడుచుకుని వాక్యం కట్టింది.

"నువ్వు పక్కనుంటే నా ప్రతి పొద్దూ నిండుగా ఉంటుంది."

ఓబులేసు చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. ఆమె వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆయన మీట నొక్కాడు.

ఆ తర్వాత పని పరుగులు పెట్టింది. ఆయన రోజూ మీట నొక్కేవాడు, దాహంతో ఉన్నవాడు నీళ్ల రుచి అడగడు కదా. నోరు తిరిగింది. మాట వచ్చింది. వచ్చిన మాట మామూలుగా ఉందా, అచ్చేసి పెట్టుకోవచ్చు! ఇరుగుపొరుగు ఆడవాళ్లు పని మానుకుని వచ్చి విన్నారు. నీ మొగుడు ఇంత నెమ్మదైన మనిషని తెలియలేదే అన్నారు. వనజాక్షి పైకి తేలిగ్గా నవ్వినా లోపల పొంగిపోయింది. పదిమందిలో భార్యను మెచ్చుకునే మొగుడు ఎవరికి చేదు?

బోరుబండి మీద కలిసి పనిచేసిన బాషా, పెద్దిరాజు చూడ్డానికి వచ్చారు. వచ్చీరాగానే ఒరేయ్ అంటూ మంచం మీద కూర్చున్నారు. ఓబులేసు చిరునవ్వు నవ్వి, మీరు రావడంతో ఈ ఇంటికి వెలుగొచ్చింది, శ్రమలో నాకు తోడు నిలిచిన మిత్రులు మీరు అన్నాడు. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, మంచం మీదినుంచి లేచి కుర్చీల్లో కూర్చున్నారు. టీ సగం తాగి, పనుందని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. వనజాక్షి దాన్ని కూడా వాళ్ల మొరటుతనం కిందే జమకట్టింది.

ఇప్పుడు ముసలామె అన్నం మానేసి కూర్చుంది.

ఆ వారమే జోసెఫిన్ మేడం గ్రంథంలో ఒక అధ్యాయం తక్కువైందని పట్టుకుంది. తిరుగు అనువాదం ఏదీ? తెలుగు చేసిన కథను ఇంకొకరి చేత మళ్లీ కన్నడంలోకి చేయించి, అసలు కథ పక్కన పెట్టి చూస్తే, ఎక్కడ ఏం జారిపోయిందో బయటపడుతుంది. విద్యార్థులందరూ చేసే పనే. ఇక్కడా చెయ్యాల్సిందే అంది. వనజాక్షి ధీమాగానే ఒప్పుకుంది. ఇర్ఫాన్ ఏర్పాటు చేశాడు. ఓబులేసు ఒక మాట అంటాడు. ఆ మాట అనబోతూ ఆయన మెదడులో లేచిన మచ్చల మీద, అదే మాటను తిరిగి మచ్చలుగా మారిస్తే వచ్చేవాటిని యంత్రం పరుస్తుంది. మాటకు అందకుండా మిగిలిపోయిన భావం ఉంటే అది అంచుల్లో కనిపించాలి.

ఓబులేసు మాట్లాడాడు. తెరమీద అంచులు శుభ్రంగా ఉన్నాయి. ఇంకో మాట, ఇంకో మాట. గీత గీసి కోసినట్టు సరిపోతున్నాయి. వనజాక్షి సంతోషంగా మేడం వైపు తిరిగింది. ఆమె కుర్చీలో వెనక్కి జారి, కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని ఉంది.

"నేను ముప్ఫయ్యేళ్లుగా తెలుగు చేస్తున్నా వనజా," అంది మెల్లగా. "ఎంత బాగా చేసినా మూలం కొంచెం మిగిలిపోతుంది. చేతికి రాదు. ఏమీ మిగల్లేదంటే, అక్కడ మూలం లేదు. ఆయనలోంచి నీ వాక్యాలే వస్తున్నాయి. వాటి వెనక కూడా నీ వాక్యాలే ఉన్నాయి."

వనజాక్షి ఇర్ఫాన్ వైపు తిరిగింది. ఇర్ఫాన్ తల దించుకున్నాడు. మెదడులో ఆయన సొంత మాటల పాత దారులు ఇంకా పూర్తిగా చావలేదని, సన్నగా మిణుకుమంటున్నాయని, ఇట్లాగే మాట్లాడుతూ పోతే వానాకాలం దాటకముందే మూసుకుపోతాయని చెప్పాడు. ముడులన్నీ విప్పితే ఆయన మళ్లీ మూగవాడవుతాడు. పాతమనిషి తిరిగొస్తాడా? చెప్పలేనన్నాడు.

వనజాక్షి ఒక్కటే అడిగింది. మొదటిరోజు మచ్చలు చూపించమంది, ఎర్రరంగుకు వేసిన అడ్డం తీసేసి.

నువ్వు. పొద్దు. కడుపు. చుట్టూ ముళ్లకంప. ఆమె ఈసారి కవిత్వం జోలికి పోలేదు. పొద్దున్నించీ తిండీ తిప్పలూ లేకుండా బయట బెంచీ మీద కూర్చున్న పెళ్లాన్ని గాజుతలుపులోంచి చూసి, ఆ మనిషి, తన ఓబులేసు, ఏమంటాడు? ఆమెకు ఆయన గొంతుతో సహా వినిపించింది.

"పొద్దు గూకె. తింటివా లేదా మే? పో, తిని సావు పో."

వనజాక్షి బల్లమీద తల పెట్టి గట్టిగా ఏడ్చింది. ఆయన ప్రేమంతా ఆ చిరాకులోనే ప్రయాణం చేసేది. చదువుకోమన్నా చిరాకే, జ్వరమొస్తే మాత్ర తెచ్చిచ్చినా చిరాకే. తను మొదటిరోజే ఆ దారికి అడ్డం వేయించింది. మాటలేని మనిషి, ఎదురు చెప్పలేని మనిషి, పెళ్లాం ఏడుస్తోందని మీట నొక్కాడు. ఆమెను ఊరుకోబెట్టడానికి తనను తాను వదులుకుంటూ, రోజూ నొక్కాడు.

మర్నాడు ఇంటి ముందు పంచలో ఓబులేసు పక్కన కూర్చుని ఆమె అంతా చెప్పింది, ఏదీ దాచలేదు. ఆయన శాంతంగా విన్నాడు. తర్వాత ఆమె చెయ్యి తన ఎడమచేతిలోకి తీసుకున్నాడు.

"ఆ పాతవాడు నిన్నెప్పుడైనా ఇట్లా వనజా అని పిలిచాడా? నాకు నువ్వు తెలుసు, ఈ ఎండ తెలుసు, భయం తెలుసు. నన్ను పోగొట్టి ఎవరిని తెచ్చుకుంటావు?"

ఆమె ఆ మాట తీరు గుర్తుపట్టింది. మూడు చిన్న మాటలు పేర్చి చివర ప్రశ్నతో ముగించడం తన పద్ధతి. ఆ వాక్యం తన చేతిరాత అంత తనది. కానీ ఆ కళ్లలో భయం? అది ఎవరిది? అది కూడా తనే నేర్పిందా, లేక నిజంగానే అక్కడ ఒక కొత్తమనిషి పుట్టి కూర్చున్నాడా? ఇంతకాలం ప్రతి మాటకూ అర్థం చెప్పగలిగిన మనిషి, ఆ చూపుకు అర్థం చెప్పుకోలేకపోయింది. ఏడుపు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె ఏడుపు చూడగానే ఆయన మొహం మెత్తబడింది.

"నీ ఇష్టమే నా ఇష్టం" అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఓబులేసు ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. బీరకాయ వండుదామంటే వంకాయ అనేవాడు. అప్పుడు గానీ వనజాక్షికి ముడులు విప్పించే తెగింపు రాలేదు. ఈ ఒప్పుకోలును ఒప్పుకోలు అనుకోవడానికి ఆమెకు సిగ్గేసింది. తప్పయినా, పాపమైనా, అది తన నెత్తినే పడనీ అనుకుంది.

కట్టిన వరుసకు ఎదురుగా విప్పుకుంటూ రావాలని ఇర్ఫాన్ చెప్పాడు. చివరి ముడి ముందు, మొదటి ముడి చివర. ఓబులేసు కుర్చీలో కూర్చున్నాడు. వనజాక్షి ఎదురుగా కూర్చుని ఒక్కొక్క వాక్యమే పలుకుతుంటే, యంత్రం దాన్ని వెతికి పట్టుకుని విప్పేది. చేతికి ఎక్కిన మెహందీ వెలిసినట్టు ఆయన మాట రోజురోజుకూ పలచబడింది. మిత్రులారా పోయింది. ధన్యవాదాలు పోయింది. నీ ఇష్టమే నా ఇష్టం పోయింది. తన పేరు ఆయన నోట ఆఖరిసారి వినిపించిన రోజు ఆమె ఇంటికి వెళ్లి గది తలుపు వేసుకుంది. చూస్తూ చూస్తూ మొగుణ్ని రెండోసారి మూగవాణ్ని చేసుకుంటున్న ఆడది ఆమె ఒక్కతే అయి ఉంటుంది. ఎవరితో చెప్పుకోవాలి?

చివరికి ఒక్క వాక్యం మిగిలింది. ఓబులేసు ఆమెను చూస్తూ దాన్నే పదే పదే అంటున్నాడు, అంతకుమించి ఆయన దగ్గర ఏమీ లేదు.

"నువ్వు పక్కనుంటే నా ప్రతి పొద్దూ నిండుగా ఉంటుంది. నువ్వు పక్కనుంటే నా ప్రతి పొద్దూ..."

ఇర్ఫాన్ చేతులు మీటల మీద ఆగిపోయాయి. "ఇదొక్కటీ ఉంచుకోండి" అన్నాడు. "ఒక్క వాక్యంతో ఏం కాదు."

ఉంచుకుంటే ఏం పోతుంది? జీవితాంతం వినొచ్చు. ఏ భార్యకూ దక్కని మాట. వనజాక్షి ఆ మాటను కళ్లు మూసుకుని ఇంకోసారి విన్నది, ఇంకోసారి విన్నది. అందులో తను తప్ప ఎవరూ లేరు.

"విప్పెయ్యండి" అంది.

వానలు మొదలయ్యాయి. ఓబులేసు పంచలో మంచం మీద కూర్చుంటాడు. మాట లేదు. వారధి రేకు తీసేశారు, ఇంకోసారి పెట్టడానికి వీల్లేదు. లోపల ఆ సన్నదారులు బతికాయో మూసుకుపోయాయో చూసే మార్గమే లేదు. వనజాక్షి గ్రంథం అటకెక్కింది. జోసెఫిన్ మేడం కబురు మీద కబురు పంపినా ఆమె విశ్వవిద్యాలయం వైపు పోలేదు. ఆయన ఎదురుగా కూర్చుని మొహంలోకి చూస్తుంది. కళ్లు ఇటు తిరిగితే ఆశ, అటు తిరిగితే ప్రాణం పోయినంత పని. తిండి సయించదు. రోజులు అట్లాగే గడుస్తున్నాయి.

ఒక మధ్యాహ్నం తిమ్మక్క కొడుకుకు పళ్లెంలో సద్దసంగటి ముద్ద పెట్టి తెచ్చి మంచం మీద ఉంచింది. వనజాక్షి ఎప్పట్లాగే ఏమీ తినకుండా మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంది. ఓబులేసు పళ్లెం వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. నుదురు ముడిపడింది. ఎడమచెయ్యి మెల్లగా లేచి, పళ్లెం అంచు మీద పడి, దాన్ని ఒక్క తోపు తోసింది. పళ్లెం మంచం మీదినుంచి జారి వనజాక్షి ఒళ్లో పడింది. సంగటి చీరంతా అంటుకుంది.

తిమ్మక్క కోడలి భుజం పట్టుకుంది.

"ఏమంటాండాడు మే? ఏమంటాండాడు వాడు?"

ఇంతకాలం ఆ ప్రశ్నకు వనజాక్షి దగ్గర ఎప్పుడూ జవాబు ఉండేది. ఇప్పుడూ వచ్చింది, నాలుక చివరిదాకా వచ్చింది, అందమైన జవాబు. నువ్వు తిను అన్నాడా? నాకొద్దు అన్నాడా? నువ్వే వద్దు, అవతలికి పో అన్నాడా? చెయ్యి పట్టు తప్పిందా? ఆమె ఆ జవాబును మింగేసింది.

"తెలీదత్తా," అంది. "నాకు తెలీదు."

ఒళ్లో పడిన సంగటిని వేళ్లతో తీసి ముద్ద చేసుకుని, ఏడుస్తూనే నోట్లో పెట్టుకుంది. ఓబులేసు అటు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి గురక వినిపించింది.